ప్రశ్నలు - జవాబులు: తల తిరుగుడు, నెలనెలా మాత్రల ఖర్చు

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. పడక మీద ఒత్తిగిలినా, పొద్దున్నే లేచినా గది గిర్రున తిరుగుతుందంటుంది. అర నిమిషంలో తగ్గిపోతుంది. రెండేళ్లుగా బీటాహిస్టీన్ 16 మి.గ్రా. మాత్రలు రోజుకు మూడు వేసుకుంటోంది. నెలకు తొంభై మాత్రలంటే మాకు భారమే. చవగ్గా ఎక్కడ దొరుకుతాయి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇదే మందు జన ఔషధి కేంద్రాల్లో జనరిక్‌గా దొరుకుతుంది. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, మిల్లీగ్రాములు చూసి రాసుకెళ్లి అడగాలి. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో, మాత్ర ధరెంతో ‘జన ఔషధి సుగం’ యాప్‌లో ముందే చూసుకోవచ్చు. దేశంలో ఈ కేంద్రాలు 15 వేలు దాటాయి.

అయితే ఆ తల్లికి అసలీ మందు అవసరమా అన్నది ముందు తేలాలి. ఉత్తరంలోని లక్షణాలు బీపీపీవీ అనే జబ్బును పోలి ఉన్నాయి. లోపలి చెవిలో ఉండే సున్నపు రేణువులు ఊడి, పక్కనున్న అర్ధవృత్తాకార గొట్టాల్లోకి జారతాయి. తల కదిపినప్పుడల్లా అవీ కదిలి, ఒళ్లు తిరుగుతోందని మెదడుకు తప్పుడు కబురు పంపుతాయి. ఏ మాత్రా వాటిని వెనక్కి పంపలేదు.

పరీక్షకు మంచం ఒక్కటుంటే చాలు. రోగిని కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, మంచం అంచు దాటి తల కాస్త వాలేలా వెల్లకిలా పడుకోబెడతారు. కాసేపటికి కనుగుడ్లు ఒకే వైపు అదరడం మొదలైతే జబ్బు దొరికినట్టే. ఆ తర్వాత అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ రూపొందించిన పద్ధతిలో తలను వరుసగా తిప్పుతూ రేణువులను గొట్టంలోంచి బయటికి జార్చేస్తారు. పావుగంట పని. చాలామందికి ఒకటి రెండు సార్లకే తగ్గుతుంది. తిరగబెడితే మళ్లీ చేయించుకోవచ్చు. తెనాలి వారికి గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లోని ఈఎన్‌టీ విభాగం దగ్గర. మెడ నొప్పి ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఈ పరీక్ష చేశారో లేదో ఉత్తరంలో లేదు. చేయకుండానే రెండేళ్లు అదే చీటీ తిరగరాస్తూ పోతే మాత్రం అది ఆ ఇంటికి జరిగిన అన్యాయమే.

ఒక చెవిలో హోరు, వినికిడి తగ్గడం, గంటల తరబడి తిప్పు ఉంటే అది మెనియర్స్ జబ్బు కావచ్చు. బీటాహిస్టీన్ ఎక్కువగా రాసేది దానికే. కానీ జర్మనీలో 221 మందిపై జరిపి 2016లో ప్రచురించిన పరిశోధనలో, మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా అది ఎక్కువ మేలు చేసినట్టు తేలలేదు. గుణం కనిపించనప్పుడు ఇంకా వాడాలా అని డాక్టరును అడగడంలో తప్పు లేదు.

ప్రశ్న: మా నాన్నకు బీపీ, షుగర్. కుర్చీలోంచి లేవగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. మెడ ఎముకలు అరిగాయని అందరూ అంటున్నారు. ఆరు నెలలుగా ప్రోక్లోర్‌పెరాజిన్ వాడుతున్నారు. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి.
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వణుకు ఆ మాత్ర వల్లే కావచ్చు. ఆయన్ను వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆ మాత్ర తిప్పు, వాంతులు తీవ్రంగా ఉన్న కొద్ది రోజులకే. పెద్దవాళ్లు నెలల తరబడి మింగితే పార్కిన్సన్స్‌లాంటి వణుకు, బిగుతు రావచ్చు. తిప్పుకు రాసే సిన్నారిజిన్ అనే మాత్రతోనూ ఆ ప్రమాదం ఉంది.

నిలబడగానే వచ్చే తూలుకు మెడను అనుమానించే ముందు బీపీని చూడాలి. పడుకున్నప్పుడోసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు మరోసారి కొలవాలి. పై అంకె 20 గాని అంతకుమించి గాని పడిపోతే, బీపీ మాత్రల మోతాదు మార్చాలేమో డాక్టరు చూస్తారు. సొంతంగా మానేయకూడదు. హిమోగ్లోబిన్ పరీక్ష కూడా అవసరమే. తిప్పుతోపాటు మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: మా అత్తయ్య డాలస్ వస్తున్నారు. ఆవిడ వాడే బీటాహిస్టీన్ ఇక్కడి షాపుల్లో లేదంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: నిజమే. అక్కడ ఆ మందుకు మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. డాక్టరు చీటీ మీద కొన్ని కాంపౌండింగ్ ఫార్మసీలు తయారుచేసి ఇస్తాయి. అత్తయ్యగారు బయల్దేరే ముందే డాక్టరును కలిసి ఇంకెన్నాళ్లు వాడాలో కనుక్కోవాలి. ఉబ్బసం, కడుపులో పుండు ఉంటే ఆ సంగతీ చెప్పాలి. వాడాల్సిందేనంటే, కావాల్సిన మాత్రలను స్ట్రిప్పుల్లోంచి తీయకుండా, మందు పేరు రాసిన చీటీతో కలిపి విమానంలో తమ దగ్గరుండే బ్యాగులోనే పెట్టుకోవాలి.