టవరు లేని చోట దారి



మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్క్‌లో టవరు ఉండదు. ప్రతి ఫోనూ తన మాట పంపుకుంటూనే పక్కవాళ్ల మాటను కూడా ముందుకు అందిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయి సెల్ టవర్లు మూగబోయాయి. ఫోన్లలోని రేడియోలు మాత్రం పాడవలేదు. ఇలాంటి వేళకే ఈ విద్య కావాలి.

దారులన్నీ ముందే పట్టికలో రాసి ఉంచుకోవడం ఒక పద్ధతి. 1994లో పెర్కిన్స్, భగవత్ ప్రతిపాదించిన డీఎస్‌డీవీ ఆ కోవలోది. ఎవరూ మాట్లాడకపోయినా పట్టికలు మార్చుకుంటూనే ఉండాలి కనుక బ్యాటరీ వృథా. అవసరమైనప్పుడే దారి వెతికేది ఏఓడీవీ. పెర్కిన్స్, బెల్డింగ్-రోయర్, సమీర్ దాస్ రాసిన దాని వివరణ 2003 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 3561గా వెలువడింది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోని ఫోను కేజీహెచ్ ఆసుపత్రిలోని ఫోనుకు కబురు పంపాలనుకుందాం. అది దారి కోసం ఒక అభ్యర్థనను చుట్టుపక్కలకు వదులుతుంది. అందుకున్న ప్రతి ఫోనూ అది ఎవరి నుంచి వచ్చిందో రాసుకుని మళ్లీ వదులుతుంది. కేజీహెచ్ ఫోను ఇచ్చే జవాబు ఆ రాతల వెంటే వెనక్కి వస్తుంది. ఊరంతా ఒకేసారి హోరెత్తకుండా మొదట ఒక్క అంచె (హాప్) వరకే అడిగి, దొరక్కపోతే మూడు, ఐదు అంచెలకు పరిధి పెంచుతారు.

అసలు చిక్కు దారి తెగినప్పుడు వస్తుంది. పాత పోస్టాఫీసు దగ్గరి ఫోనుకు ముందున్న లంకె తెగిందనుకుందాం. అది కొత్త దారి కోసం అడిగితే దాని వెనకున్న ఫోను, తన దారి దీని మీదుగానే పోతున్నా, ‘నా దగ్గర దారి ఉంది’ అంటుంది. నమ్మితే ప్యాకెట్లు ఆ రెండింటి మధ్యే తిరుగుతాయి. అందుకే గమ్యానికి ఒక వరుస సంఖ్య ఉంటుంది. లంకె తెగగానే ఆ సంఖ్యను ఒకటి పెంచి అడుగుతారు. అంతకన్నా పాత సంఖ్య ఉన్నవాళ్లు జవాబివ్వకూడదు. ఏఓడీవీ గొప్పతనమంతా ఈ చిన్న అంకెలోనే ఉంది. దీన్ని పట్టుకోకుండా ముందుకు వెళ్లడం దండగ.

పోర్టులోనూ ఉక్కు కర్మాగారంలోనూ ఇంకో ఇబ్బంది ఉంది. క్రేను ఒక కంటైనరును పక్కకు జరిపితే చాలు, అప్పటిదాకా బాగున్న లంకె దాని నీడలో పడి తెగిపోతుంది. తక్కువ అంచెల దారే మేలనుకోవడమూ పొరపాటే. అంచెలు తగ్గితే ఒక్కోటి పొడవై, సిగ్నల్ బలహీనపడి, పంపిందే మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. ఈ విషయంలో ఏఓడీవీ లోపాన్ని ఒప్పుకోవాల్సిందే. వరుస సంఖ్య చెప్పే తాజాదనం సమానమైతే అది చూసేది అంచెల లెక్కనే.

ఎన్‌ఎస్-3 సిమ్యులేటర్‌లో ఏఓడీవీ, డీఎస్‌డీవీ రెండూ ఉన్నాయి. నోడ్ల (అంటే ఫోన్ల) వేగం పెంచుతూ రెండింటినీ నడిపి చూడాలి. ఎన్ని ప్యాకెట్లు చేరాయన్నదొక్కటే చాలదు, వాటి కోసం ఎన్ని నియంత్రణ సందేశాలు తిరిగాయో కూడా లెక్కగట్టి రాయి.