పైపైనే పాతు

చి.ల.సౌ. చిట్టికి అత్తయ్య ఆశీస్సులు.

డబ్బా చేరిందన్నావు. విప్పగానే కంగారుపడకు. ఎండిపోయిన పెండలం ముక్కల్లా ఉన్నా అవి పియోనీ దుంపలే, మొన్న మా పెరట్లో తవ్వి విడదీసినవి. ఒక్కో ముక్కకీ నాలుగైదు ఎర్రటి కళ్లుంటాయి, పసుపు కొమ్ముకి మొలక వచ్చే చోట ఉన్నట్టు. ఆ కళ్లు పైకి చూసేలా పెట్టు. వాటి మీద మట్టి రెండంగుళాలకు మించకూడదు.

ఈ ఒక్క మాట విని మిగతా ఉత్తరం చదవకపోయినా ఫర్వాలేదు. నేను వినలేదు మరి! ఆన్ ఆర్బర్ వచ్చిన కొత్తలో నికల్స్ ఆర్బొరేటమ్‌లో పియోనీ తోట చూశాను. 1927లో తెరిచిన తోట అది. జూన్ మొదట్లో వెళ్తే మడులకు మడులే విరగబూసి ఉన్నాయి. ఆ సెప్టెంబరులోనే రెండు దుంపలు కొన్నాను. మంచుకి పాపం ఏమైపోతాయోనని బెత్తెడు లోతున పాతి, పైన ఎండుటాకులు కుప్పపోశాను. మూడేళ్లు ఉత్త ఆకులే. "గోంగూర వేసినా పప్పులోకి వచ్చేది" అని మీ మావయ్య దెప్పుళ్లు. నాలుగో ఏట తవ్వి పైకి పెడితే, మరో రెండేళ్లకు గాని పూయలేదు.

మన మల్లెకి ఎండ ఎలాగో దీనికి చలి అలాగ. కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితేనే ఆ తర్వాత మొగ్గ మాట. నాన్నమ్మ గుంటూరుకి ఓ దుంప తెమ్మని ఎన్నిసార్లు అడిగిందో! కశ్మీరు, ఉత్తరాఖండ్ కొండల్లో దీని చుట్టం ఒకటి అడవిలో పూస్తుంది గాని, గుంటూరులో ఎక్కడిదమ్మా ఆ చలి?

రోజుకి ఆరుగంటలైనా ఎండ తగిలే చోటు, నీళ్లు నిలవని చోటు చూడు. బాగా ఆలోచించి పెట్టు, ఎందుకంటే మళ్లీ కదిలిస్తే అలుగుతుంది. కదపకపోతే యాభై ఏళ్లయినా అక్కడే పూస్తుంది. యూరియా లాంటివి దండిగా వేశావంటే మళ్లీ నా గోంగూర కథే. మొదటి ఏడాది పువ్వు అడగకు.

మొగ్గల మీద చీమలు పడతాయి. పసుపూ వద్దు, మందూ వద్దు. మొగ్గ అంచున ఊరే తీపి కోసం వస్తాయంతే. చీమలు లేనిదే పువ్వు విచ్చదని ఇక్కడివాళ్లు చెబుతారు, అదీ నమ్మకు. జాడీలోకైతే మొగ్గ నొక్కితే దూదుండలా మెత్తగా ఉన్నప్పుడు కోసి, దులిపి ఇంట్లోకి తీసుకెళ్లు.

నీకు పంపినవాటిలో తెల్లగా పూసి మధ్యలో కుంకుమ చిలకరించినట్టుండేది ఫెస్టివా మాక్సిమా. 1851 నాటి ఫ్రెంచి రకం. గులాబీ రంగుది సారా బెర్నార్. రెండూ తలబరువు పూలే. వాన పడితే నేలకి వాలిపోతాయి, ఏప్రిల్లోనే చుట్టూ కడ్డీల వలయం పెట్టు. అన్నట్టు, మీ ఇండియానా రాష్ట్ర పుష్పం పియోనీయే, 1957 నుంచి. అంతకుముందు జినియా.

ఆకులు ఎండాక కాడలు నేలమట్టానికి కోసి చెత్తలో పారెయ్. ఎరువుగుంటలో వేస్తే బూజు తెగులు వచ్చే ఏడాది మళ్లీ నీ గుమ్మంలోకే వస్తుంది.

పాతేటప్పుడు ఫొటో తీసి పంపు. మట్టి కప్పకముందే, పక్కన స్కేలు పెట్టి.

అత్తయ్య