ఆహార ప్రశ్నావళి - దాని విశ్వసనీయత

"గడచిన సంవత్సరంలో మీరు ఉల్లిపాయను వారానికి ఎన్నిసార్లు భుజించారు?" ఆహార పరిశోధకులు ప్రజలను అడిగే ప్రశ్నలు ఈ తీరున ఉంటాయి. ఉల్లి లేని కూర అరుదైన మన ఇండ్లలో దీనికేమని బదులు చెప్పగలము? అయినను ఫ్లేవనాయిడ్ల లెక్క ఇట్టి సమాధానాలపైననే ఆధారపడి ఉన్నది.

ఫ్లేవనాయిడ్లు మొక్కలలో సహజంగా ఏర్పడే రసాయన పదార్థాలు. నెదర్లాండ్స్‌లోని జుట్ఫెన్ పట్టణంలో 65-84 ఏండ్ల వయస్సు గల 805 మంది పురుషుల ఆహారపు అలవాట్లను 1985లో విచారించారు. ఫలితాలు 1993లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వెలువడ్డాయి. దినానికి సగటున సుమారు 26 మిల్లీగ్రాములు. అందులో 61 శాతం తేనీటి నుండియే. ఎక్కువగా తీసుకొన్నవారిలో హృద్రోగ మరణాలు తక్కువగా కనిపించాయి. కాని ఆనాడు లెక్కించినవి ఐదు రకాలు మాత్రమే. తేయాకులో సమృద్ధిగా ఉండే కాటెచిన్లు ఆ 26లో చేరలేదు!

ప్రశ్నావళిని ఆరు నెలల తరువాత మరల ఇచ్చినప్పుడు అవే జవాబులు వచ్చాయనుకొందాము. అది నిలకడయే కాని సత్యము కాదు. నిత్యము పది నిమిషాలు వెనుకబడి నడిచే గడియారానికి కూడ నిలకడ ఉన్నది. అందుచేత పరిశోధకులు, నిన్నటి దినమున ఏమి తిన్నారో అడిగి, ఆ సమాధానంతో ప్రశ్నావళిని పోల్చి చూస్తారు. ఇక్కడనే నాకు సందేహము. రెండింటికీ ఆధారము జ్ఞాపకశక్తియే. రెండింటినీ మిల్లీగ్రాములుగా మార్చేది ఒకే పట్టిక. ముందే కూడబలుక్కొని వచ్చిన ఇద్దరు సాక్షుల మాట కలిసినంత మాత్రాన న్యాయమూర్తి తృప్తి చెందునా?

ఆ పట్టిక సంగతి మరింత చిక్కైనది. అమెరికా వ్యవసాయ శాఖ ఫ్లేవనాయిడ్ల పట్టికను మొదట ప్రకటించినది 2003లో. అందులో ఒక్కొక్క ఆహారానికి సగటు విలువ ఇస్తారు. కాని ఉల్లిలో క్వెర్సెటిన్ పై పొరలలోనే ఎక్కువ. గృహిణి ఎన్ని పొరలు ఒలిచి పారవేసినదో పట్టికకు తెలియదు. ఉడికించిన నీటిని పారబోసినచో కొంత దానితో పోవును. తేనీరు ఎంతసేపు కాగినదో ఎవరు వ్రాసిపెట్టుకొంటారు?

అందువలన కొందరు మూత్ర పరీక్షను ఆశ్రయించారు. ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో 25,000 మందికి పైగా ప్రజల మూత్రంలో ఫ్లేవనాల్ చిహ్నాలను కొలిచి, 2020లో ఫలితాలు ప్రకటించారు. అవి అధికంగా ఉన్నవారి రక్తపోటు కొంత తక్కువగా ఉన్నది. మూత్రము మరచిపోదు, మొగమాటపడదు. ఐతే అది ఇటీవలి ఒకటి రెండు దినాల భోజనాన్ని మాత్రమే తెలుపును. పైగా ప్రేగులలోని సూక్ష్మజీవులు ఒక్కొక్కరిలో ఒక్కొక్క విధముగా పనిచేస్తాయి. కనుక వేర్వేరు దినాలలో పలుమార్లు నమూనాలు తీసుకొని, ప్రశ్నావళితో సరిచూడవలసి ఉన్నది. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని వరుస కట్టుటకు ప్రశ్నావళి కొంతవరకు పనికివచ్చును. ఇన్ని మిల్లీగ్రాములని తేల్చుటకు చాలదు.