జావర్ కొండల యశదం

ఇత్తడి బిందె లేని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. ఆ ఇత్తడిలో రాగితో కలిసే రెండవ లోహం యశదం. దీనినే తుత్తునాగమనీ, జింకు అనీ అంటారు. రాగిని, ఇనుమును ఏనాడో సాధించిన మానవునికి ఈ లోహం మాత్రం చిరకాలం చిక్కలేదు. ఇత్తడిని సైతం పూర్వులు రాగితో యశద ఖనిజాన్నే చేర్చి కాచి తయారుచేసేవారు. ఖనిజం నుండి యశదం విడివడటానికి సుమారు 1,000 డిగ్రీల వేడి కావాలి. 907 డిగ్రీలకే అది మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరికి గాలి సోకితే తెల్లని భస్మమవుతుంది. కొలిమిలో పుట్టిన లోహం కొలిమిలోనే మాయమవుతుందన్నమాట!

ఈ చిక్కును పెద్ద ఎత్తున విప్పినవారు రాజస్థాన్‌లోని జావర్ లోహకారులు. ఉదయపూర్‌కు దక్షిణాన, ఆరావళి పర్వతాల నడుమ ఉన్నదీ ఊరు. అక్కడి గనులు రెండువేల ఏళ్లకు పైబడినవని వాటిలో దొరికిన కొయ్య దూలాల పరీక్ష వల్ల తెలిసింది. మందుగుండు లేని కాలమది. రాతి ముఖాన కట్టెలు పేర్చి మంట పెట్టి, వేడికి పగుళ్లు వారిన రాతిని ఉలులతో పెకలించేవారు. పొగ నిండిన ఆ చీకటిలో వంద మీటర్లకు పైగా లోతుకు దిగిన శ్రామికుల పేర్లను చరిత్ర నిలుపుకోలేదు.

'రసరత్నసముచ్చయం' అనే సంస్కృత గ్రంథం యశదం తీసే పాత్రను 'వృంతాక మూష' అన్నది. వృంతాకమంటే వంకాయ. వంకాయకు తొడిమ ఉన్నట్లే ఈ మట్టి మూసకు గొట్టం ఉంటుంది. 1983 నాటి తవ్వకాలలో జావర్‌లో ఇటువంటి మూసలను కొలిమికి 36 చొప్పున తలక్రిందులుగా నిలిపిన అమరిక బయల్పడింది. మూసలో ఖనిజపు ఉండలు నింపి, నడుమ ఒక పుల్ల గుచ్చేవారు. మూసను బోర్లించినప్పుడు ఉండలు జారకుండా ఆ పుల్లే ఆపుతుంది; వేడికి తాను కాలిపోయి ఆవిరికి దారి విడుస్తుంది. పైన మంట, క్రింద చల్లని గది. పైకి పోయే త్రోవ లేని ఆవిరి గొట్టం గుండా క్రిందికి దిగి, చల్లబడి, లోహపు చుక్కలై రాలేది. ఒక పుల్లతో ఇంత పని చేయించిన బుద్ధి సామాన్యమైనది కాదు.

1738లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం ఛాంపియన్ యశదం తయారీకి పేటెంటు పొందాడు. ఆయన పద్ధతిలోనూ ఆవిరి క్రిందికే దిగుతుంది. కీర్తి మాత్రం ఆ ఒడ్డుకే చేరింది. 19వ శతాబ్ది ఆరంభానికి యుద్ధాలతో, కరవుతో జావర్ కొలిములు చల్లారాయి. గనులు మళ్లీ పనిలోకి వచ్చింది 20వ శతాబ్దిలోనే.

ఒకసారి కాల్చిన మూస మళ్లీ పనికిరాదు. అందువల్ల అవి కొండల మధ్య గుట్టలు గుట్టలుగా పోగుపడ్డాయి. ఊరివారు వాటినే ఇటుకలకు మారుగా పేర్చి ఇళ్ల గోడలు కట్టుకున్నారు. పాత జావర్‌లో అటువంటి గోడలు శిథిలాలుగా నేటికీ కనిపిస్తాయి.