లోపల ఒకటి, బయట ఒకటి: మనం కపటులమా?

శుక్రవారం ఖుత్బాలో ఇమామ్ గారు సమాధి గురించి, తీర్పుదినం గురించి చెబుతుంటే మన గుండె కరుగుతుంది. ఇకమీదట ఒక్క నమాజు కూడా పోనివ్వకూడదని, ఎవరి మనసూ నొప్పించకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకుంటాం. ఇంటికి వస్తాం. అన్నం ఆలస్యమైందని భార్య మీద కసురుకుంటాం. సాయంత్రం దుకాణంలో పాత సరుకును కొత్తదని చెప్పి అమ్ముతాం. రాత్రి పడుకున్నాక లోపలి నుంచి ఒక ప్రశ్న లేస్తుంది: మధ్యాహ్నం మస్జిదులో కన్నీరు పెట్టిందెవరు? సాయంత్రం అబద్ధమాడిందెవరు? ఆ ఇద్దరిలో అసలు మనం ఎవరం?

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు తప్పుడు జవాబులు చెప్పుకుంటాం. మొదటిది, 'లోకమంతా ఇంతే కదా' అని సరిపెట్టుకోవడం. రెండవది, 'నా మనసే శుభ్రంగా లేనప్పుడు ఈ నమాజు ఎందుకు, ఈ పరదా ఎందుకు? ముందు మనసు బాగుపడనీ, తర్వాత చూద్దాం' అని ఉన్న ఆచరణను కూడా వదిలేయడం. వినడానికి ఎంతో నిజాయితీగా అనిపించే ఈ రెండవ జవాబే ఎక్కువ ప్రమాదకరం. ఎందుకంటే షైతాన్ ఇక్కడ చెడును మంచి పేరుతో అమ్ముతున్నాడు.

హజ్రత్ హంజలా (రజి) ఆందోళన

ఈ ప్రశ్న మనకు మాత్రమే వచ్చింది కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) లేఖకులలో ఒకరైన హజ్రత్ హంజలా అల్ ఉసైయిదీ (రజి)కి కూడా వచ్చింది. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ సంఘటనను మనం మళ్ళీ మళ్ళీ చదువుకోవాలి.

ఒకరోజు ఆయన హజ్రత్ అబూబక్ర్ (రజి)కి ఎదురై, హంజలా కపటి అయిపోయాడని తన గురించి తానే చెప్పుకున్నారు. అబూబక్ర్ (రజి) ఆశ్చర్యపోయి సంగతేమిటని అడిగారు. దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గనరకాలు కళ్ళెదుట ఉన్నట్లే అనిపిస్తుందని, ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డల్లో, జీవనోపాధి పనుల్లో పడ్డాక అందులో ఎంతో మరచిపోతున్నానని హంజలా (రజి) వివరించారు. తన పరిస్థితి కూడా అలాగే ఉందని అబూబక్ర్ (రజి) ఒప్పుకున్నారు. ఇద్దరూ కలిసి దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళారు.

తన దగ్గర ఉన్నప్పటి స్థితే వారిలో ఎల్లప్పుడూ నిలిచి ఉంటే, దైవదూతలు వారి పడకల మీద, దారుల్లో వచ్చి వారితో కరచాలనం చేసేవారని ఆయన (స) తెలిపారు. అయితే దేనికి తగిన సమయం దానికుంటుందని మూడుసార్లు చెప్పి వారిని ఊరడించారు.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆయన (స) వారిని కపటులని అనలేదు. భార్యాబిడ్డలను, సంపాదనను వదిలేసి ఎప్పుడూ తన దగ్గరే కూర్చోమనీ అనలేదు. మనిషి హృదయంలో ఆటుపోట్లు సహజం. పోటు లేని వేళ కనిపించే బలహీనతకు కాపట్యమని పేరు పెట్టకూడదు.

మరి కాపట్యం ఏది?

ధార్మిక పండితులు కాపట్యాన్ని రెండు రకాలుగా విభజించారు. ఒకటి విశ్వాసంలో కాపట్యం. హృదయంలో తిరస్కారం దాచుకుని, నోటితో మాత్రం విశ్వాసం ప్రకటించడం. మదీనాలో అబ్దుల్లాహ్ బిన్ ఉబై, అతని అనుచరులు చేసినది ఇదే. రెండవది ఆచరణలో కాపట్యం. ఈమాన్ ఉండి కూడా కపటుల గుణాలు అంటించుకోవడం. మాట్లాడితే అబద్ధం, మాట ఇస్తే తప్పడం, నమ్మి అప్పగిస్తే ద్రోహం. ఈ మూడింటినీ కపటి చిహ్నాలుగా దైవప్రవక్త (స) పేర్కొన్నారని హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

ఈ మూడు చిహ్నాలూ ఎక్కడ బయటపడతాయి? నమాజు వరుసలో కాదు. మాటలో, లావాదేవీలో, ఇంట్లో. అందుకే మన నిజస్వరూపాన్ని అక్కడే వెతకాలి.

తాబియీ అయిన ఇబ్నె అబీ ములైకా (రహ్మ) తాను 30 మంది సహాబాలను కలుసుకున్నానని, వారిలో ప్రతి ఒక్కరూ తమలో కాపట్యం ఉందేమోనని భయపడేవారని చెప్పినట్లు ఇమామ్ బుఖారీ పేర్కొన్నారు. అంతటి మహనీయులు భయపడ్డారు, కానీ ఆ భయంతో ఆచరణ మానలేదు. పైగా పెంచుకున్నారు. మన భయం కూడా మనల్ని సజ్దా వైపు తీసుకెళుతుంటే అది మేలు చేసే భయం. సజ్దా నుంచి దూరం చేస్తుంటే అది షైతాన్ ప్రేరణ.

అసలు పరీక్ష ఇంట్లోనే

ఫోను మోగుతుంది. అప్పు ఇచ్చినవాడి నంబరు. మనం పిల్లవాడి చేతికి ఫోను ఇచ్చి, "అబ్బా ఇంట్లో లేరని చెప్పు" అంటాం. ఆ పిల్లవాడిని అదే రోజు మక్తబ్‌కు పంపి, అబద్ధం ఆడకూడదనే పాఠం నేర్చుకోమంటాం. వాడు ఏ పాఠం గుర్తుపెట్టుకుంటాడు?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నతనంలో ఒకసారి ఆయన తల్లి, ఏదో ఇస్తాను రమ్మని పిలిచారు. ఆ సమయంలో దైవప్రవక్త (స) వారి ఇంట్లోనే ఉన్నారు. ఏమివ్వాలనుకుంటున్నావని ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పారు. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది ఆమె లెక్కలో ఒక అబద్ధంగా రాయబడేదని ఆయన (స) హెచ్చరించారు (అబూదావూద్). ఏడుపు మాన్పడానికి పిల్లలకు మనం రోజూ చేసే ఉత్తుత్తి వాగ్దానాలు ఎన్నో లెక్క వేసుకుందాం.

దైవప్రవక్త (స) ఇంట్లో ఎలా ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి)ను అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని చెప్పారు (బుఖారీ). ఇంట్లో ఒక మనిషి, మస్జిదులో మరో మనిషి లేరు. ఇద్దరూ ఒక్కరే.

బజారు విషయమూ అంతే. ఆయన (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడి తడిసిందని వ్యాపారి సంజాయిషీ ఇచ్చాడు. జనానికి కనిపించేలా తడి ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదన్నారు (ముస్లిం). ఈ హదీసు మనకు కూడా అద్దం. పైన ఎండు గింజలు, లోపల తడి గింజలు! ధాన్యంలోనే కాదు, మనిషిలో కూడా లోపం దాచి పైపై మెరుగులు చూపడం మోసమే.

చూపించడం, మానేయడం

జనం కోసం ఆరాధన చేయడం రియా. మాఊన్ సూరా (107)లో అల్లాహ్ ప్రదర్శనా బుద్ధితో నమాజు చేసేవారిని హెచ్చరించిన వెంటనే, ఇరుగుపొరుగుకు చిన్న చిన్న వస్తువులు కూడా ఇవ్వనివారి ప్రస్తావన తెచ్చాడు. దీర్ఘమైన నమాజు చేసి, పక్కింటివారు బకెట్టు అడిగితే లేదనేవారి ఆరాధనలో ఎక్కడో లోపం ఉన్నట్లే.

నేడు దానం చేసే చెయ్యి కంటే ముందు ఫోను కెమెరా లేస్తోంది. రేషన్ సంచి అందుకుంటున్న వితంతువు ముఖం వందలాది ఫోన్లకు చేరుతోంది. బహిరంగ దానం కూడా మంచిదే, అయితే రహస్యంగా పేదలకు ఇవ్వడం మరింత శ్రేష్ఠమని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా (2:271) బోధిస్తోంది. కనీసం తీసుకునేవారి పరువునైనా కాపాడాలి కదా!

అలాగని, రియా వస్తుందేమోనన్న భయంతో సత్కార్యాన్నే మానుకోవడం కూడా జనానికి దాసులం కావడమే. చూపించేవాడి దృష్టీ జనం మీదే, మానేసేవాడి దృష్టీ జనం మీదే. పని చేస్తూనే సంకల్పాన్ని సరిదిద్దుకోవాలి. మనసు శుభ్రపడ్డాక నమాజు చేస్తాననడం, రోగం తగ్గాక మందు వేసుకుంటాననడం లాంటిదే.

మరి ఏం చేద్దాం?

మొదటిది, కొంచెమైనా సరే, నిలకడగా చేద్దాం. కొద్దిపాటిదైనా నిరంతరంగా సాగే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. ఒక్క రాత్రి తెల్లవార్లూ జాగరణ చేసి మర్నాటి నుంచి ఫజ్ర్ కూడా వదిలేయడం కన్నా, రోజూ ఒక పేజీ ఖుర్ఆన్ పారాయణం మేలు.

రెండవది, ఎవరికీ తెలియని ఒక సత్కార్యం మన దగ్గర ఉంచుకుందాం. భార్యకు గానీ, భర్తకు గానీ, స్నేహితులకు గానీ తెలియనిది. అల్లాహ్‌కు, మనకు మధ్య ఉన్న ఆ రహస్యమే ఇఖ్లాస్‌ను పెంచుతుంది.

మూడవది, రోజూ రాత్రి లెక్క చూసుకుందాం. ఇమామ్ గజాలీ (రహ్మ) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో మన నఫ్స్‌ను వ్యాపార భాగస్వామితో పోల్చారు. ఉదయం దానితో ఒప్పందం చేసుకోవాలి, పగలంతా కనిపెట్టి ఉండాలి, రాత్రి లాభనష్టాల లెక్క అడగాలి. దుకాణం కట్టేసే ముందు గల్లాపెట్టెలో ప్రతి రూపాయీ లెక్కపెట్టే మనం, గడిచిపోయిన రోజు గురించి ఐదు నిమిషాలు ఆలోచించలేమా?

నాలుగవది, తప్పు తెలిసిన వెంటనే సరిదిద్దుకుందాం. అల్లాహ్ ముందు తౌబా చేయడంతో పాటు, కసురుకున్న భార్యను క్షమాపణ అడగాలి. పాత సరుకు అంటగట్టిన ఖాతాదారుకు డబ్బు తిరిగి ఇవ్వాలి. పిల్లవాడి చేత అబద్ధం ఆడించి ఉంటే, వాడి ఎదుటే అప్పు ఇచ్చినవాడికి ఫోను చేసి నిజం చెప్పాలి. వాడు జీవితమంతా మరచిపోని పాఠం అదే అవుతుంది.

చివరిగా, కాపట్యపు చిహ్నాలు మన కోసం చెప్పబడ్డాయి. పక్కవాడిని కొలవడానికి కాదు. ఇతరుల హృదయాలను చీల్చి చూసే పని అల్లాహ్ మనకు అప్పగించలేదు.

ఈ రాత్రి ఆ ప్రశ్న మళ్ళీ లేస్తే భయపడి పారిపోవద్దు. అది మనలో ఈమాన్ ఇంకా మేలుకుని ఉందనడానికి గుర్తు కావచ్చు. లేచి వుజూ చేసుకుందాం.

అల్లాహ్ మన అంతరంగాన్ని మన బాహ్యం కంటే మేలైనదిగా చేయుగాక! మన మాటకూ చేతకూ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించుగాక! ఆమీన్.