ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదవడం ఎలా?

దుమ్ముగూడెం, చర్ల దారిలో ఏ కిరాణా కొట్టు ముందు ఆగినా గుమ్మానికి దండల్లా వేలాడే ప్యాకెట్లే ముందు కనిపిస్తాయి. ఐదు రూపాయలది ఒక వరస, పది రూపాయలది ఇంకో వరస. మిరప ఏరడానికో తునికాకు కోయడానికో తెల్లారకముందే బయల్దేరే తల్లి పిల్లాడి చేతిలో ఒకటి పెట్టి వెళ్తుంది. ఆమెను తప్పు పట్టలేం. కానీ అదే పది రూపాయలకు కాస్త మేలైనది ఎంచుకోవచ్చు. దానికి కావలసిన సమాచారం ప్యాకెట్టు వెనకే ఉంటుంది.

అడ్డం వచ్చేది భాష. చట్టం ప్రకారం ఆ వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగులో వేయడం కంపెనీ ఇష్టం. నాకు ఇది అన్యాయమే అనిపిస్తుంది. ఇంట్లో కోయ మాట్లాడుతూ బడిలో తెలుగు నేర్చుకున్న ఇల్లాలు ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాలు ఎలా చదువుతుంది? అయినా వెనక్కి తగ్గకండి. అంకెలు మనకు తెలిసినవే. పదో పన్నెండో మాటలు గుర్తుపట్టడం వస్తే చాలు. బడికి పోయే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంటే వారంలో పట్టుబడుతుంది.

మొదటి పని: ముందువైపు చూడటం మానండి

ముందువైపు ఉండేది ప్రకటన. గోధుమ కంకి, పాల గ్లాసు, పండు బొమ్మ అన్నీ అమ్మడానికే. నీళ్లలో చిక్కటి రసం కలిపి తయారుచేసిన పానీయాలను ‘100 శాతం పండ్ల రసం’ అని అమ్ముతుంటే, ఆ మాట తీసేయమని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2024 జూన్‌లో ఆదేశించాల్సి వచ్చింది.

రెండో పని: పదార్థాల వరస చదవండి

వెనక ‘ఇంగ్రీడియెంట్స్’ అన్న మాట వెతకండి. దాని కింద ఉండే వరసకు ఒక నియమం ఉంది: తూకంలో ఎక్కువగా ఉన్నది ముందు, తక్కువగా ఉన్నది తర్వాత. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే ఆ తిండి అసలు దేనితో చేశారో తెలిసిపోతుంది. ‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్’ అంటే మైదా. ‘గోధుమ బిస్కెట్’ అని ముందు రాసి, వెనక మొదటి పేరు మైదా ఉంటే మీరు కొంటున్నది మైదా బిస్కెట్టే. ఏ పదార్థం పేరు గొప్పగా చెప్పుకుంటారో అది ఎంత శాతం ఉందో పక్కనే వేయాలి. రాగి అని పెద్ద అక్షరాలు కనిపిస్తే, వెనక రాగి పక్కన ఉన్న అంకె చూడండి. అది పదా, యాభయ్యా అన్నదే తేడా.

చక్కెర చాలా పేర్లతో దాక్కుంటుంది. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్, కార్న్ సిరప్ అన్నీ ఆ కుటుంబమే. ఒకే ప్యాకెట్టులో ఇలాంటివి రెండు మూడు ఉంటే, విడివిడిగా వెనక వరసలో కనిపించినా కలిపితే ముందుకొస్తాయి.

తర్వాత నూనె. పామాయిల్, పామోలిన్ అన్న పేర్లు చాలా చిరుతిళ్ల మీద కనిపిస్తాయి. అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ తోటలు చూడనివాళ్లు మన జిల్లాలో ఉండరు. అశ్వారావుపేటలో, అప్పారావుపేటలో ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలే ఉన్నాయి. మన రైతు పంట అన్న అభిమానం నాకూ ఉంది. కానీ పామాయిల్‌లో దాదాపు సగం శాచురేటెడ్ కొవ్వే, అంటే ఎక్కువైతే గుండెకు చేటు చేసే రకం. వేరుశనగ నూనెలో ఐదో వంతుకు మించదు. అప్పుడప్పుడు తింటే పరవాలేదు. రోజూ బడికి పోయే పిల్లాడి జేబులోకి అదే పోతుంటే ఆలోచించాలి.

వరస చివర 500, 503, 621 లాంటి అంకెలు కనబడితే బెదిరిపోకండి. 500 మన వంటసోడా. 621 రుచి కోసం వేసే మోనోసోడియం గ్లుటమేట్. అంకె ఉన్నంత మాత్రాన విషం కాదు. అయితే అలాంటివి వరసగా పది ఉన్నాయంటే అందులో అసలు తిండి తక్కువేమోనని అనుమానించాలి.

భద్రాచలంలో ఆదివాసీ మహిళలు చిరుధాన్యాలతో చేస్తున్న ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కెట్ల గురించి 2025 జూన్ 29న ‘మన్ కీ బాత్’లో ప్రధాని మాట్లాడారు. విని గర్వపడ్డాను. వాటినీ ఇలాగే తిప్పి చదవండి. మనవాళ్లు చేసినది కాబట్టి చదవక్కర్లేదు అనుకుంటే ఈ అలవాటు నిలవదు.

మూడో పని: మూడు అంకెలు పట్టుకోండి

పోషకాల పట్టికలో చాలా వరసలు ఉంటాయి. మొదట్లో మూడు చాలు: యాడెడ్ షుగర్స్ (కలిపిన చక్కెర), శాచురేటెడ్ ఫ్యాట్, సోడియం. పట్టికలో ‘100 గ్రాములకు’ అన్న గడే చూడండి. ‘ఒక సర్వింగ్‌కు’ అన్న గడిలో కంపెనీ రెండు బిస్కెట్లనే లెక్క వేసి ఉండొచ్చు. రెండుతో ఆగే పిల్లాడు ఎక్కడున్నాడు?

లేబుల్ లెక్కలకు పెద్దవాళ్ల రోజు మొత్తానికి తీసుకున్న కొలతలు ఇవి: కలిపిన చక్కెర 50 గ్రాములు, శాచురేటెడ్ కొవ్వు 22 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు. పిల్లలకు ఇంకా తక్కువ చాలు.

చక్కెర గ్రాములను నాలుగుతో భాగిస్తే చిన్న చెంచాలు వస్తాయి. 100 మిల్లీలీటర్లకు 11 గ్రాములున్న కూల్‌డ్రింక్ 200 మిల్లీలీటర్లు తాగితే 22 గ్రాములు, అంటే ఐదున్నర చెంచాలు. మీ టీలో అంత వేసుకుంటారా?

సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు. ఒక నూడుల్స్ ప్యాకెట్టు మీద 100 గ్రాములకు 1200 మిల్లీగ్రాముల సోడియం ఉందనుకోండి. అది 3 గ్రాముల ఉప్పు. 70 గ్రాముల ప్యాకెట్టు ఒక్కరే తింటే 2 గ్రాములు దాటింది. రోజంతటికీ 5 గ్రాములే హద్దు. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే ఈ ఒక్క లెక్క వస్తే చాలు, అన్నిటికంటే ముందు ఇదే నేర్చుకోండి.

నాలుగో పని: తేదీ, గుర్తు

ఎక్స్‌పైరీ లేదా ‘యూజ్ బై’ తేదీ దాటిందా చూడండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు కింద 14 అంకెల నంబరు ఉండాలి. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం. సంతలో విడిగా పోసి అమ్మే వాటికి ఇవేవీ ఉండవు.

మరీ చిన్న ప్యాకెట్లకు ఒక మినహాయింపు ఉంది. ప్యాకెట్టు ఉపరితలం మొత్తం 100 చదరపు సెంటీమీటర్లకు మించకపోతే పదార్థాల వరస, పోషకాల పట్టిక వాటిమీద వేయనక్కర్లేదు. అవి వచ్చిన పెద్ద పెట్టె మీద ఉంటే సరిపోతుంది. చిన్న ప్యాకెట్టు మీద ఏమీ కనిపించకపోతే కొట్టతన్ని అడగండి: “అన్నా, వీటి పెద్ద పెట్టె ఒకసారి చూపించు.” మొదట్లో వింతగా చూస్తాడు. నలుగురు అడిగితే తనే చూపిస్తాడు.

ఈ చదువు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది వానాకాలంలో, పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు. ఓఆర్‌ఎస్ అన్న పేరు తగిలించి తియ్యటి పానీయాలు ఏళ్ల తరబడి అమ్మారు. హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు దానిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు లేని పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. 100 మిల్లీలీటర్లకు 11 గ్రాముల చక్కెర ఉన్న డబ్బాను లీటరుకు లెక్క వేస్తే 110 గ్రాములు. అంత తీపి విరేచనాలను ఇంకా పెంచుతుంది. కాబట్టి డబ్బా కొనకండి. ఆశా కార్యకర్త దగ్గర, ఉపకేంద్రంలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఉచితంగా ఇస్తారు. దాని వెనక కూడా చదవండి. లీటరు నీటికి అని ఉంటే ప్యాకెట్టంతా ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు అని అందాజుగా కలపొద్దు. కలిపింది 24 గంటల్లో వాడి, మిగిలితే పారబోయండి.