నకాశి పటానికి ఛాయాచిత్రం

నూరేళ్లు దాటిన చిత్రపటాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదని 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం శాసిస్తున్నది. శంషాబాదులో ఒక ఇంట అంతటి ప్రాచీనమైన నకాశి పటం ఉన్నదనుకొందాం. ఆ ఇంటి పిల్లలు, 2008 మార్చిలో అక్కడ ప్రారంభమైన విమానాశ్రయం నుండి ఏ దేశానికి వెళ్లినా, వారి వెంట వెళ్లగలిగేది దాని ఛాయాచిత్రం మాత్రమే.

నకాశి పటాలకు చేర్యాల ప్రసిద్ధి. ఖాదీ వస్త్రానికి చింతగింజల గంజి, సుద్ద, జిగురు కలిపి పూసి, ఎర్రని నేలపై బొమ్మలు చిత్రిస్తారు. వెడల్పు సుమారు 3 అడుగులే. పొడవు కొన్నింటికి 40 అడుగులకు మించుతుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారు, గౌడులకు కథ చెప్పే గౌడజెట్టివారు వీటిని ఊరూరా ప్రదర్శించేవారు. జీర్ణించిన పటాన్ని నదిలో నిమజ్జనం చేయడం కొందరు కథకుల ఆచారం. ఆచారం గౌరవింపదగినదే గాని, ఎన్ని బొమ్మలు నీటిపాలైనవో!

ఇంట్లో ఎదురయ్యే మొదటి చిక్కు దూరం. 35 మి.మీ. ఫిల్ము ప్రమాణం గల కెమెరాకు 50 మి.మీ. లెన్సు అమర్చి 9 అడుగుల భాగాన్ని తీయాలంటే పన్నెండున్నర అడుగులు వెనుకకు జరగాలి. 12 అడుగుల గదిలో అది అసాధ్యం. దగ్గర నుండే అంతా పట్టే వైడ్ యాంగిల్ లెన్సు వాడితే సాధారణంగా అంచుగీతలు విల్లువలె వంగుతాయి. కెమెరాను పైకెత్తి తీస్తే పై అంచు కురచై, పటం గోపురంవలె కన్పిస్తుంది.

అయితే కథకుడు పటాన్ని ఒక్కసారిగా పరచేవాడా? లేదు. కథ సాగినకొద్దీ ఒక్కొక్క బొమ్మల వరుసనే విప్పేవాడు. ఛాయాగ్రాహకునికి అంతకన్న మంచి గురువు లేడు. కెమెరాను స్టాండుపై కదలకుండా, పటానికి సమాంతరంగా నిలిపి, పటాన్నే జరపాలి. నాలుగేసి అడుగులు విప్పితే 7 అడుగుల దూరం చాలు. ప్రతి చిత్రంలోను ముందటి చిత్రపు భాగం మూడవవంతైనా మరల రావాలి. అప్పుడే కంప్యూటరులో అతుకు తెలియకుండా కలపవచ్చును.

ఇక వెలుతురు. కిటికీ వెలుగు నీలిఛాయను, బల్బు పసుపుఛాయను ఇస్తాయి. రెండూ కలిస్తే ఆ ఎరుపు ఎరుపుగా ఉండదు. తెరలు దించి, ఒకే రకపు దీపాలు రెండింటిని ఇరువైపులా 45 డిగ్రీల కోణంలో ఉంచాలి. మొదటి చిత్రంలో బూడిదరంగు అట్టముక్క, కొలబద్ద పెడితే రంగును, పరిమాణాన్ని పిదప సరిచూడవచ్చును.

పాత పటం విప్పి చుట్టిన ప్రతిసారీ మడతల వద్ద రంగు రాలే ప్రమాదమున్నది. కనుక ఈ ఏర్పాట్లన్నీ పటం విప్పకముందే, అదే కొలత గల పాత చీరతో సరిచూసుకోవాలి.